మూయకూడని తలుపు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: కౌంటరు దగ్గర పెద్దమ్మ. ఇస్త్రీ బల్ల దగ్గర, షాపులో పనిచేసే ఇస్త్రీ బాబాయి. వెనక వరండాలో మడతమంచం మీద, కంటికి కట్టుతో అమ్మమ్మ. మేడ మీద, తలనొప్పి అని బడి మానేసిన పెద్దమ్మ కూతురు గిలకక్క. మెట్ల మీద, నా బడికి సెలవు కాబట్టి నేను. పెదనాన్న లేడు. హోటలు వాళ్ళ కర్టెన్లు వ్యానులో వేసుకుని పొద్దున్నే వెళ్ళాడు. సాయంత్రానికి గానీ రానన్నాడు.

డైరీలో ప్రతిరోజూ మొదట ఇదే రాస్తాను. ఏం రాయాలో తోచకపోతే ఇంట్లో ఎవరెవరున్నారో రాయి, మిగతాది దానంతటదే వస్తుంది అని మా ఊరి బడిలో టీచరమ్మ చెప్పింది. ఆ రోజు పేజీలో ఈ వరుసల కింద ఏమీ లేదు. ఆ ఖాళీని ఇప్పుడు నింపుతున్నాను.

మెట్ల మీద ఎందుకు ఆగిపోయానో పోయిన వారం భాగంలోనే చెప్పాను. దిండు గలీబులు ఉతుక్కి తెమ్మని పెద్దమ్మ పంపితే, గిలకక్క దిండు గలీబులోంచి ఒక తెల్ల గుడ్డముక్క జారి నా పాదం మీద పడింది. చిన్న మడతలుగా మడిచి ఉంది. ఇంకా చల్లగా, తడిగా ఉంది.

గుడ్డముక్కే కదా అని మీకు అనిపించవచ్చు. మా పెదనాన్నది బట్టలు ఉతికి, మరకలు తీసి, ఇస్త్రీ చేసిచ్చే షాపు. షాపు వెనక మరకల గది ఉంది. సిరా, గ్రీజు, రంగు, ఏ మరకైనా అక్కడే వదిలిస్తారు. మరకల మందు డబ్బాలు ఆ గదిలోనే ఉంటాయి. పాత దుప్పట్లు చింపి చేసిన తెల్ల ముక్కల్ని ఆ మందులో ముంచి మరక మీద అద్దుతారు. పని కాగానే ఆ ముక్కని వరండా తీగ మీద గాలికి ఆరెయ్యాలి. దాన్ని మడవకూడదు, మూసిన చోట పెట్టకూడదు. ఇది పెదనాన్న పెట్టిన నియమం. ఇంకో నియమం కూడా ఉంది. మరకల గది తలుపు ఎప్పుడూ మూయకూడదు. ఆ గదికి కిటికీ లేదు. తలుపు గాలికి కూడా మూసుకోకుండా, తాతల నాటి బొగ్గుల ఇస్త్రీపెట్టెని దానికి అడ్డం పెట్టి ఉంచుతారు. వెనకటికి ఒక పనివాడు చలి అని ఆ తలుపు మూసుకుని పని చేస్తూ, బల్ల మీద తల పెట్టి పడుకున్నాడట. మళ్ళీ లేవలేదట. పెదనాన్న ఈ సంగతి చెప్పేటప్పుడు ఎప్పుడూ నవ్వడు.

నేను చదువుకోడానికి ఊరి నుంచి వచ్చిన కొత్తలో ఆ మందు వాసన భరించలేకపోయేదాన్ని. అన్నం ముద్ద పెట్టుకున్నా అదే, తల దువ్వుకున్నా అదే. "అలవాటైపోతుందిలే" అంది పెద్దమ్మ. నిజంగానే అలవాటైపోయింది. ఎప్పుడు పోయిందో తెలియకుండా నా ముక్కులోంచి ఆ వాసన పోయింది.

అమ్మమ్మకి మాత్రం ఇంకా అలవాటు కాలేదు. కంటి ఆపరేషనుకని ఈ మధ్యే వచ్చింది. వచ్చిన మర్నాడే అందరం భోజనాల దగ్గర కూర్చుని ఉండగా గిలకక్క వంగి కూర వడ్డించింది. అమ్మమ్మ ముక్కు ఎగబీల్చింది.

"ఈ పిల్ల దగ్గర వాసనేస్తోందే" అంది.

పెదనాన్న పొలమారేలా నవ్వాడు. "అత్తయ్యా, ఈ ఇంట్లో ఎవరి దగ్గర వెయ్యదు? నన్ను చూడండి, పిండితే అరడబ్బా వస్తుంది."

"నా పెళ్ళిచూపులప్పుడు మీ ఇంటి గుమ్మం ముందు నుంచి నడిచా, ఆ సంబంధమే తప్పిపోయింది" అన్నాడు ఇస్త్రీ బాబాయి. అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది. కానీ అందరూ నవ్వడం ఆపేశాక నవ్వింది. అప్పుడే నా చేతిలో ముద్ద ఆగిపోయింది.

ఎందుకంటే అక్కకి గిలక అనే పేరు ఊరికే రాలేదు. చిన్నపిల్లల చేతిలో గిలక్కాయలా ఎప్పుడూ మోగుతూనే ఉంటుందని పెట్టారు. నేను నోరు విప్పడానికి భయపడే పిల్లని. ఈ ఇంటికి వచ్చిన మొదటి రోజు నా తరఫున కూడా తనే మాట్లాడింది. అలాంటిది కొన్నాళ్ళుగా మాట సగంలో వదిలేస్తోంది. గ్లాసు ఇస్తే పట్టుకునేలోపే జారవిడుస్తోంది. మూతి చుట్టూ చిన్న చిన్న ఎర్రటి పుళ్ళు లేచాయి. "వయసు" అంది పెద్దమ్మ. "పరీక్షల భయం" అన్నాడు పెదనాన్న. 

గుడ్డముక్క చేతిలో పట్టుకుని మెట్లు దిగాల్సినదాన్ని, పైకి ఎక్కాను.

అక్క గదిలో లేదు. డాబా మీద ఉంది. ఆరేసిన దుప్పట్ల మధ్య, బోర్లించిన తొట్టె మీద కూర్చుని ఉంది. ఎండ బాగా కాస్తున్నా భుజాల చుట్టూ దుప్పటంచు లాక్కుని ఉంది.

"ఏంటే పిల్లీ, చప్పుడు లేకుండా వస్తావు! గుండె ఆగి చస్తాను ఏదో ఒకరోజు" అంది. నేను అడుగు చప్పుడు రాకుండా నడుస్తానని తను నన్ను పిల్లి అంటుంది.

నేను చెయ్యి చాపి చూపించాను. తను దాన్ని చూసింది. తర్వాత నా ముఖం చూసింది.

"ఎవరికైనా చూపించావా?"

"లేదు."

"మంచిదానివి. ఇటివ్వు."

నేను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. నా చెయ్యి అలా చేస్తుందని నేనే అనుకోలేదు.

"జలుబు చేసిందే. ముక్కు పట్టేస్తే కొంచెం పీల్చా. సరేనా?"

"జలుబుకి ఇదా?"

"ఓహో, డాక్టరమ్మగారు! నాలుక కూడా చూస్తారా?" అని నాలుక చాపింది. నేను నవ్వలేదు. తను నాలుక లోపలికి తీసుకుంది. 

"ఎప్పట్నుంచి అక్కా?"

"కళ్ళజోడు వాళ్ళింట్లో మొదలైంది." కళ్ళజోడు అంటే తన స్నేహితురాలు, ఒకే బెంచీ. "ముందు సిగరెట్టు. ఇద్దరం దగ్గలేక చచ్చాం. తర్వాత వాళ్ళన్నయ్య దాచుకున్న బీరు. ఛీ, ఎలా తాగుతారే బాబూ దాన్ని! నీకు తెలీదుగానీ మా క్లాసులో సగం మంది ఏదో ఒకటి చేస్తారు. ఒకడు పెన్నులాంటిది పెట్టుకుని పొగ ఊదుతాడు, పళ్ళ వాసనొస్తుంది, సార్లు ఎవడో సెంటు కొట్టుకున్నాడనుకుంటారు. ఒకామె వాళ్ళ నాన్న నిద్రమాత్రలు తెచ్చి చాక్లెట్లలా పంచింది. అందరూ చేస్తారే. నువ్వు ఊళ్ళో ఉన్నావు కాబట్టి నీకు వింత."

"మరి ఇది?"

"సిగరెట్టుకి వాసనొస్తుంది. బీరుకీ వాసనొస్తుంది. దీనికైతే..." చేత్తో ఇంటి మొత్తాన్నీ చూపించింది. "మనింట్లో అన్నానికే ఈ వాసన. ఎవరు పట్టుకుంటారు నన్ను?"

నవ్వింది.  అమ్మమ్మ మాటకి మేమంతా నవ్వామే, అప్పుడు అందరం కలిసి అక్కని దాచిపెట్టాం.

"ఏముంటుంది అక్కా అందులో?"

"ఏమీ ఉండదు. కాసేపు అసలేమీ ఉండదు. నాకు లోపల ఇంకో నోరుందే పిల్లీ. నువ్వు ఫెయిలవుతావు, నువ్వంటే ఎవరికీ ఇష్టం లేదు, నవ్వించకపోతే నీ పక్కన ఎవరు కూర్చుంటారు, అని వాగుతూనే ఉంటుంది. అది నోరు మూసుకుంటుంది." చేతులు చూసుకుంది.  "తర్వాత ఇంకా గట్టిగా వాగుతుందనుకో."

"కళ్ళజోడు బడికి రావట్లేదని మొన్న పెద్దమ్మతో అన్నావు కదా. ఎందుకు రావట్లేదు?"

అడగాలని అడగలేదు. నోట్లోంచి వచ్చేసింది. తను దుప్పటంచు తీసి దాని కుట్లు గోరుతో లాగడం మొదలుపెట్టింది.

"అక్కా."

"కళ్ళు తిరిగి పడింది. అన్నం తినదు కదా సరిగ్గా."

"నువ్వు చూశావా?"

"నా పక్కనే పడింది." గొంతు చాలా చిన్నదైపోయింది. "వాళ్ళ గదిలోనే. తలుపేసుకుని ఉన్నాం. వాళ్ళమ్మ ఎందుకో పైకొస్తున్న చప్పుడైంది. అది ఉలిక్కిపడి లేచింది, అంతే, అలా కూలబడిపోయింది. పిలిచానే. గిల్లాను కూడా. పెదాలు నీలంగా అయిపోయాయి. నేను ఆ గుడ్డలన్నీ ఏరి సంచీలో కుక్కుకుని, వాళ్ళమ్మ తలుపు తీయగానే 'ఆంటీ, నీరసంతో పడిపోయింది' అన్నాను. అంతే అన్నాను."

"ఇప్పుడెలా ఉంది?"

"ఆసుపత్రిలో. కళ్ళు తెరిచింది. వాళ్ళమ్మని చూసి ఎవరు నువ్వు అందట. ఎందుకలా అయిందో డాక్టర్లకి అర్థం కావట్లేదట." తలెత్తి నన్ను చూసింది. "నాకు తెలుసు కదే. నాకొక్కదానికే తెలుసు."

 ఎక్కడో ఒక మంచం మీద ఒక అమ్మాయి తన అమ్మని గుర్తుపట్టకుండా పడుకుని ఉంది. ఆమెని బాగుచెయ్యాల్సినవాళ్ళకి కావలసిన మాట ఇక్కడ మా డాబా మీద, బోర్లించిన తొట్టె మీద కూర్చుని ఉంది. పైగా నా చేతిలో ఉన్న గుడ్డ నిన్న మొన్నటిది కాదు. ఇంకా తడిగా ఉంది.

"అదంతా చూశాక కూడా ఇది..." అన్నాను.

"మానేస్తాననే అనుకుంటానే! ఒట్టు. పొద్దున్న లేవగానే ఇవాళ వద్దు అనుకుంటా. ఆ అనుకోవడంలోనే అది గుర్తొస్తుంది." కళ్ళు తుడుచుకుంది. "నువ్వు దాన్ని అవతల పారెయ్. ఇదే ఆఖరు."

ఆ మాట నమ్మాలని నాకు ఎంత ఉందో చెప్పలేను. గుడ్డ పారేసి, గలీబులు కిందకి ఇచ్చి, పక్కనే కూర్చుని తన జడ విప్పి అల్లి ఉండొచ్చు. తను ఎప్పటిలా నన్ను పిల్లీ అనేది. కానీ నాకు బల్ల మీద తల పెట్టుకుని పడుకున్న ఆ పనివాడు గుర్తొచ్చాడు. అతని ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఆ బల్ల మీద కనిపిస్తున్న తల అక్కది.

"పెదనాన్న వచ్చేలోపు నువ్వే చెప్పు అక్కా. కళ్ళజోడు సంగతి కూడా. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

అక్క నోరు తెరుచుకుని చూసింది. తర్వాత ముఖం బిగుసుకుంది. ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు.

"నువ్వా? కౌంటర్లో ఎవరైనా 'అమ్మాయ్, నా చొక్కా అయిందా' అంటే బీరువా వెనక దాక్కుంటావు. నువ్వు చెప్తావా?"

"చెప్తాను."

"చెప్పు అయితే. నీ దిండులో దొరికిందంటాను. ఒకటే మంచం, ఒకలాంటి దిళ్ళు. కన్న కూతుర్ని నమ్ముతారో, ఊర్నుంచి చదువుకోడానికొచ్చి చేరినదాన్ని నమ్ముతారో చూద్దాం. రేపీపాటికి పెట్టె సర్దుకుని బస్సెక్కుతావు. ఇక చదువు లేదు, ఏమీ లేదు."

లేచి, దుప్పట్లని తోసుకుంటూ వెళ్ళిపోయింది. నేను వెనకే పరిగెత్తాలి. కాళ్ళు రాలేదు. తడి దుప్పటి ఒకటి గాలికి వచ్చి నా ముఖానికి అతుక్కుంది. ఊపిరాడక దాన్ని రెండు చేతులతో లాగి పడేసి మెట్ల వైపు నడిచాను.

నేను దిగేసరికే అక్క చెప్పడం అయిపోయింది. పెద్దమ్మ పక్కన నిలబడి ఏడుస్తోంది. ఆ ఏడుపు అబద్ధం కాదు, అందుకే చూసినవాళ్ళెవరైనా నమ్ముతారు. పెద్దమ్మ బట్టలకి చీటీలు గుచ్చుతోంది. పెదాల మధ్య గుండుసూదులు అలాగే ఉన్నాయి. ఇస్త్రీ బాబాయి పెట్టెని పైకెత్తి పట్టుకుని కింద పెట్టడం మర్చిపోయాడు.

పెద్దమ్మ సూదులు ఒక్కొక్కటే తీసి గిన్నెలో వేసింది. ఒక్కటి మాత్రం పెదవి చివర ఉండిపోయింది.

"చేతిలో ఏంటే అది?"

నా చేతిలో ఆ గుడ్డ. దాన్ని దాచుకోవడం కూడా తోచలేదు నాకు.

"నీ దిండులోదేనా?"

కాదు. ఒక్క మాట. రెండు అక్షరాలు.  పెద్దమ్మ కళ్ళు అలా నా మీదే ఉంటే నేను తల అడ్డంగా కూడా ఊపలేకపోయాను.

"నీకిక్కడ ఏం తక్కువ చేశానే? మీ అమ్మ అడిగితే ఏం చెప్పమంటావు నన్ను?"

"అమ్మగారూ, ఆ పిల్ల అలాంటిది కాదేమో..." అన్నాడు ఇస్త్రీ బాబాయి మెల్లగా.

"నువ్వాగు బాబాయ్."

"ఏంటర్రా ఆ గొడవ?" వరండాలోంచి అమ్మమ్మ గొంతు వచ్చింది. వెనకే అమ్మమ్మ వచ్చింది, ఒక చేత్తో గోడ తడుముకుంటూ, ఇంకో చేత్తో కంటి కట్టు సర్దుకుంటూ. పెద్దమ్మ రెండు మాటల్లో చెప్పింది. చెప్తుంటే గొంతు పగిలింది.

అమ్మమ్మ కుర్చీ కోసం తడిమి కూర్చుంది. "ఇద్దరూ ఇలా రండి."

"అమ్మా, నువ్వూరుకో. కంటికి కట్టు పెట్టుకుని ఏం చూస్తావు?"

"కంటికి కట్టు కట్టారుగానీ ముక్కుకి కట్టారా? రావే అమ్మడూ."

నన్ను దగ్గరికి లాక్కుని చేతులు వాసన చూసింది. "చేతులకుంది."  తర్వాత గడ్డం పట్టుకుని నా ముఖం తన ముఖం దగ్గరికి తెచ్చుకుంది. "ఊదు." ఊదాను. "ఇంకోసారి." ఊదాను.

"ఉల్లిపాయ" అంది అమ్మమ్మ. "ఇంకేం లేదు. ఇది ఆ గుడ్డని పట్టుకుంది, అంతే." నన్ను వదలకుండానే రెండో చెయ్యి గాల్లోకి చాపింది. "ఇప్పుడు నువ్వు రా తల్లీ."

అక్క కదల్లేదు.

"రావే, ముసల్దాని దగ్గర సిగ్గేంటి? చిన్నప్పుడు నీ పాల నోరు నేనే తుడిచేదాన్ని."

"వెళ్ళవే, ఆవిడ సరదా తీర్చు" అంది పెద్దమ్మ. అక్క కదల్లేదు. "వెళ్ళు" అంది మళ్ళీ. ఈసారి ఆ మాట చివర ఏదో వణికింది. తిరిగి కూతురి ముఖం చూసింది. రోజూ చూసే ముఖమే. మూతి చుట్టూ ఆ పుళ్ళు. ఎర్రబడి, తడిసి, ఎక్కడా నిలవని కళ్ళు. పెద్దమ్మ పెదవి చివరున్న సూది నేల మీద పడింది. ఎవరూ తీయలేదు.

"ఎన్నాళ్ళ నుంచే?" అంది. గొంతు పెద్దమ్మది కాదు.

"నేనేమన్నా కుక్కనా, అందరూ వాసన చూడ్డానికి!" అని అరిచింది అక్క.

ఒక అడుగు వెనక్కి వేసింది, ఇంకో అడుగు వేసింది. తర్వాత తిరిగి వరండాలోకి పరిగెత్తింది. మడతమంచానికి తన్నుకుంది, చెయ్యి తగిలి తీగ మీద ఆరేసిన తెల్ల ముక్కలు రాలాయి. పెద్దమ్మ నిలబడిన చోటే నిలబడిపోయింది. అక్క ఏడవడానికి పెరట్లోకి వెళ్తోందని అనుకుని ఉంటుంది. నేనూ అలాగే అనుకున్నాను.

అప్పుడు ఇనుము గచ్చు మీద రాసుకున్న చప్పుడు వినిపించింది.

ఆ ఇంట్లో నేను అంతవరకూ వినని చప్పుడు అది. అదేమిటో చెవికి తెలిసేలోపే నా కాళ్ళకి తెలిసింది. అమ్మమ్మ చేతిలోంచి చెయ్యి లాక్కుని పరిగెత్తాను. బొగ్గుల ఇస్త్రీపెట్టె పక్కకి పడి ఉంది. మరకల గది తలుపు సగం మూసుకుంది. ఆ సందులో అక్క ముఖం కనిపించింది. వెనక చీకట్లో డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒక డబ్బాకి మూత లేదు.

"అక్కా, మూయకు!"

నా గొంతు అంత పెద్దదని నాకు తెలీదు. ఇల్లంతా వినిపించి ఉంటుంది. అక్క నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. నన్ను పంపించేస్తానన్న పిల్ల కాదు, మొదటి రోజు నా తరఫున మాట్లాడిన పిల్ల. "వెళ్ళిపోవే పిల్లీ" అంది.

చెయ్యి చాపాను. తలుపు నా వేళ్ళ చివర మూసుకుంది.

లోపల ఏదో తుప్పు వదిలించుకుంటూ కిర్రుమంది. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ మూయని ఆ తలుపుకి లోపలివైపు గడియ ఉందని నాకు అప్పుడే తెలిసింది.